సర్టిఫికెట్ నాన్న

గురుగ్రామ్ అపార్ట్‌మెంట్లలో ఈ జాతి విరివిగా కనబడుతుంది. చలికాలపు ఆదివారం, ఎదుటి కారు కూడా ఆనని పొగమంచులో, నిద్రమొహం పిల్లాణ్ణి రెండు స్వెట్టర్లలో చుట్టి సుల్తాన్‌పూర్ జాతీయ ఉద్యానానికి బయల్దేరతాడు. మా పక్కింటాయన అచ్చంగా ఆ జాతే. పుట్టింది కొల్లేటి అంచున, ఉద్యోగం సైబర్ సిటీలో. మొన్న ఆ ఉద్యానంలో పిల్లలకు పెట్టిన పక్షుల కార్యక్రమానికి మా అమ్మాయినీ ఎక్కించుకుంటే నేనూ వెళ్లాను.

దారిపొడుగునా వైవానే.

"జాతీయ ఉద్యానం ఎప్పుడయింది నాన్నా?"

"1991."

"రామ్‌సర్ జాబితాలోకి?"

"2021."

"విస్తీర్ణం?"

"1.42 చదరపు కిలోమీటర్లు. నాన్నా, ఆకలేస్తోంది."

అది సిలబస్‌లో లేదు. ఈ చిత్తడి నేలను కాపాడమని పీటర్ జాక్సన్ అనే పక్షిప్రేమికుడు ఇందిరాగాంధీకి ఉత్తరం రాశాడన్న కథ ఒక్కటే పిల్లాడికి నచ్చింది. ఆదివారాలు ఇంట్లో ఉండనివ్వమని తనూ ఎవరికైనా రాయొచ్చా అని అడిగాడు.

పిల్లలకు తలో చెక్‌లిస్టు ఇచ్చి, పెద్దవాళ్లు కాస్త వెనక నడవండని వాలంటీరు అమ్మాయి మర్యాదగా చెప్పింది. మా పక్కింటాయన వెనకే నడిచాడు, అరడుగు దూరంలో. మెడలో కొత్త బైనాక్యులర్స్, ధరచీటీతో సహా. నచ్చకపోతే వాపసు ఇవ్వాలిగా! పిల్లాడేమో నీల్‌గాయ్ పెంటికల ముందు గొంతుక్కూర్చుని లెక్క మొదలెట్టాడు.

"నలభై ఒకటి నాన్నా!"

"అవి లిస్టులో లేవు, లే!"

వాచ్‌టవర్ ఎక్కాం. కొమ్మ మీంచి నీలంగా ఏదో నీళ్లలోకి దూకింది. "ఒరేయ్, లకుముకిరా!" అని మావాడు పెట్టిన కేకకు దగ్గర్లో ఉన్న బాతులన్నీ లేచిపోయాయి. వెంటనే సర్దుకుని, "కింగ్‌ఫిషర్. టిక్కు పెట్టు" అన్నాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి కొల్లేటి గట్ల మీద వీటి వెంటే తిరిగినందుకు వాళ్ల నాన్న వీపు చీరేశాడట. ఆయన పక్షిశాస్త్రమంతా అప్పటిదే.

తర్వాత క్విజ్. తలమీద రెండు నల్ల చారలతో, హిమాలయాలు దాటి వచ్చే బాతేది? పిల్లాడు ఆలోచిస్తుండగా వెనక నుంచి దగ్గు వినిపించింది. దగ్గులో "బార్ హెడెడ్ గూస్" అని అంత స్పష్టంగా పలకడం సాధన లేనిదే రాదు. బొమ్మల పోటీలో పిల్లాడు వేసిన కొంగకు ముక్కు కొంచెం సరిచేశాడు, ఆపైన రెక్కలు, ఆపైన కాళ్లు. చివరికి పిల్లాడి వాటాకు గడ్డి మిగిలింది.

సర్టిఫికెట్ మెయిల్లో వచ్చింది. మన ఇంటిపేరు ముందుండే పద్ధతి ఈ ఉత్తరాది వాళ్లకు ఏనాడు అంతుపట్టింది కనక! "మాస్టర్" అని వేసి పక్కన ఇంటిపేరొక్కటే అచ్చేశారు. పిల్లాడి పేరు గల్లంతు. ఆయన ఆవేశంగా తిరుగు మెయిల్ కొడుతుంటే, వాళ్లావిడ కాఫీ గ్లాసు అందిస్తూ ఫోన్లోకి తొంగిచూసింది.

"సరిగ్గానే వేశారుగా అండీ! ఆ మాస్టర్ ఒక్కటీ తీసేయమనండి చాలు."