హాల్టు లేని చట్టం

ధర్మవరంలో నాకు తెలిసిన ఒక నేతన్నకు నలభైతొమ్మిదేండ్లు. ఎప్పుడెప్పుడు ముసలోడినవుతానా అని క్యాలెండర్ చూసుకునే మనిషిని ఆయన్నే చూశాను. యాభై నిండితే చేనేత పింఛన్, నెలకు 4,000. ఒకటో తారీకు తెల్లారుతూనే ఇంటికొచ్చి, వేలిముద్ర వేయించుకుని మరీ ఇస్తారు. కనీస వేతన చట్టం మాత్రం 1948లో ఢిల్లీలో రైలెక్కింది. 2025 నవంబర్లో 'వేతనాల కోడ్' అని రైలు పేరు మార్చారు గానీ ధర్మవరంలో హాల్టు ఇవ్వలేదు.

ఇంటికి సరుకు తెచ్చుకుని పనిచేసిచ్చేవాడూ కార్మికుడేనని 1948 నాటి చట్టంలోనే రాశారు. గుంతలో కాళ్లు దించుకుని, సావుకారు ఇచ్చిన పట్టూ జరీతో చీర నేసే మనిషంటే ఇంకెవరు? కానీ సావుకారు దృష్టిలో ఈయన కార్మికుడు కాదు, 'మనోడు'. మనోడికి వేతనమేంది, అసయ్యంగా! చీరకింత మజూరీ. భార్య చుట్టే కండెలు, కొడుకు అతికే పోగులు ఆ మజూరీలోనే కొసరు.

సావుకారునే ఎందుకంటాం? ఉపాధి హామీని 2006 ఫిబ్రవరి 2న మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలుపెట్టారు. ఆ చట్టం ఆరో సెక్షన్ చదవండి: కనీస వేతన చట్టం ఏం చెప్పినా సరే, కూలి రేటు కేంద్రమే నిర్ణయించొచ్చట. సర్కారూ 'మనోడే' అనుకుంది.

2019లో దేశమంతటా ఇంతకు తగ్గొద్దనే రోజుకూలిని 176 నుంచి 178 చేశారు. రెండు రూపాయలు! హిందూపురం మూడుసార్లు గెలిపించిన ఎన్టీ రామారావు 1983లో ఆ డబ్బుకు కిలో బియ్యం ఇచ్చాడు. 2019 డిసెంబర్లో ధర్మవరంలోనే నేతన్న నేస్తం ప్రారంభించి ఏడాదికి 24,000 అన్నారు. సొంత మగ్గం ఉండాలన్నారు. మా వాడిది కూలిమగ్గం.

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్లు తయారవుతాయి. వాటికి బ్రేకులూ ఉంటాయి, ఎయిర్‌బ్యాగులూ ఉంటాయి. నేతన్న బండికి ఎయిర్‌బ్యాగులు మాత్రమే బిగించారు.

మొన్న మజూరీ పెంచమని అడగబోయాడంట. సావుకారు నవ్వి, "ఇంగ ఆర్నెల్లే గదప్పా, నీకు యాభై నిండుతాండాయి!" అన్నాడంట.