సేవ్ కాని దిద్దుబాటు

తెర మీద కనబడుతున్నదే ఫైల్లోనూ ఉందని నమ్మి ఒక పూటంతా మూర్ఖంగా ప్రవర్తించాను. దాని ఫలితం మాత్రం నా పక్కన పనిచేసే అమ్మాయి అనుభవించింది.

మాది నల్లగొండలో చిన్న ఆఫీసు. మిర్యాలగూడ రైస్ మిల్లు ఒకదానికి వడ్ల తూకం ప్రోగ్రాం రాస్తున్నాం. కొనుగోలు నిబంధన ప్రకారం తేమ 17 శాతం మించొద్దు. మా ప్రోగ్రాం సరిగ్గా 17 ఉన్న లోడును కూడా తిప్పి పంపుతోంది. అది రైతు నోటికాడి కూడు. విమ్ ఎడిటర్‌లో ఆ షరతు దిద్ది, పక్క టెర్మినల్లో బిల్డ్ చేసే మేక్ నడిపాను. మార్పేం లేదు. ‘అప్ టు డేట్’ అని మేక్ చెబుతూనే ఉంది, నేను చదవలేదు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన ఆ ప్రోగ్రాం ఫైళ్లు ఎప్పుడు మారాయో పోల్చి చూస్తుంది. నా దిద్దుబాటు ఎడిటర్ మెమరీలోనే ఉంది, డిస్కులో ఉన్నది పాత రాత. మేక్ నిజమే చెప్పింది. ఆబ్జెక్ట్ ఫైళ్లన్నీ తుడిచేసి బిల్డ్ చేసినా ఆ పాత రాతే మళ్లీ కంపైలయింది.

కంపైలర్‌ను అనుమానించాను. తర్వాత ఆ భాగం రాసిన, నా పక్కన పనిచేసే దేవరకొండ అమ్మాయిని అందరి ముందు కోప్పడ్డాను. ఆమె నా తెర అడుగున ఫైలు పేరు పక్కనున్న ప్లస్ గుర్తు చూపించి, “సార్, సేవ్ చేసిన్రా?” అంది.

విమ్‌లో మేక్ నడిపే ముందు తానే సేవ్ చేసే ఆటోరైట్ ఉందని నాకు ముందే తెలుసు. ఎప్పుడు సేవ్ చేయాలన్నది నా చేతిలోనే ఉండాలని దాన్ని పెట్టుకోలేదు. సగం రాసింది డిస్కులో పడుతుందని భయం. పాత రూపం గిట్‌లో భద్రంగా ఉన్నప్పుడు ఆ భయానికి అర్థం లేదు. బిల్డ్ చేస్తున్నామంటేనే ఇప్పుడు రాసింది పరీక్షించాలని కదా! ఈమాక్స్ ఎడిటర్ కంపైల్‌కు ముందు సేవ్ చేయాలా అని అడుగుతుంది. వీఎస్ కోడ్ ఎడిటర్ టాస్క్ నడిపే ముందు తానే సేవ్ చేస్తుంది. మనిషి మరిచిపోతాడని వాటిని తయారుచేసినవాళ్లు ఒప్పుకున్నారు, నేను ఒప్పుకోలేదు.

ఆటోరైట్ పెట్టుకున్నాను. పక్క టెర్మినల్లో నడిపితే అది పనిచేయదు కాబట్టి ఇప్పుడు విమ్ లోపలినుంచే మేక్ నడుపుతున్నాను, మారిన ఫైళ్లన్నీ ముందే డిస్కుకు చేరుతున్నాయి. ఆ అమ్మాయికి అందరి ముందే క్షమాపణ చెప్పాను. బిల్డ్ ఇచ్చిన జవాబు చివరిదాకా చదవనిదే ఇక ఎవరి పనినీ తప్పుపట్టను.