నిలబడ్డందుకు ఫౌల్

కదిలానట! తొంభై కిలోల మనిషిని. ఇంట్లో అన్నానికి లేవమన్నా రెండుసార్లు పిలిపించుకునే మనిషిని. ఆదిలాబాద్ జట్టుతో బాస్కెట్‌బాల్ ఆట, మేం ఒక్క పాయింటు వెనక, టైం అయిపోవస్తోంది. స్క్రీన్ పెట్టి, అంటే అవతలివాడికి అడ్డంగా, గుంజలా నిలబడ్డ నన్ను పట్టుకుని కదిలానంటూ ఈల వేశాడు రిఫరీ. నా చాటు నుంచి మా కరీంనగర్ పోరడు వేసిన బంతి బుట్టలో పడనే పడింది గానీ ఆ పాయింట్లు చెల్లలేదు. బంతి అవతలివాళ్లకు పోయింది. నాకు నిద్ర పోయింది.

రూలు నాకు కంఠతా వచ్చు. కిరాణా కొట్టు ముందు నిలబడ్డా అదే వల్లిస్తున్నా. ఒంటికి ఒళ్లు తగిలే క్షణానికి స్క్రీన్ పెట్టినవాడు కదలకుండా ఉండాలి, రెండు పాదాలూ నేలమీద ఉండాలి, తన సిలిండర్ దాటకూడదు. సిలిండర్ అంటే ఒంటి చుట్టూ ఉందనుకోవాల్సిన గొట్టం. నా కొలతలకు ఇళ్లకిచ్చేది చాలదు, హోటళ్లకిచ్చే 19 కిలోలది రాయాలి. అవతలివాడికి కనబడకుండా వెనక పెడితే ఒక మామూలు అడుగు జాగా వదలాలి. ఎవరి మామూలు? ఆదిలాబాద్ ఆరడుగుల పోరడిదా, నాదా?

"సార్, నేనేడ కదిలిన?" అనడిగాను.

"నడుము కదిలింది."

నడుము! అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నా బట్టలు కుట్టే దర్జీకే ఇంతవరకు అంతు చిక్కలేదు. ఈయనకు కోర్టు ఆ చివర నుంచి తెలిసిపోయింది.

పోనీ, మొదటినుంచీ ఇదే లెక్కా? మొదటి క్వార్టర్లో వాళ్ల పొడుగాయన మావాణ్ణి తుంటితో గీత దాకా తోసుకుపోయాడు. ఈల లేదు. మేమూ ఊరుకోలేదనుకోండి, దానికీ లేదు. 39 నిమిషాలు అటకెక్కిన రూల్‌బుక్కు నలభయ్యో నిమిషంలో దిగింది, అదీ నా నెత్తిమీద.

కబడ్డీలో ఇలా జరిగితే ఏమవుతుందో తెలుసా? 2023 అక్టోబర్ 7, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్, మనకూ ఇరాన్‌కూ. స్కోరు 28-28, ఆట ముగింపుకొచ్చింది. మన పవన్ సెహ్రావత్ రైడ్‌కెళ్లి, ఎవర్నీ ముట్టకుండానే మ్యాట్ పక్క పట్టీలో, అదే లాబీలో, కాలుపెట్టాడు. పట్టుకుందామని ఇరాన్‌వాళ్లూ వెంట దూకారు. పాత రూలైతే లాబీలోకొచ్చిన వాళ్లంతా ఔట్, కొత్త రూలైతే రైడర్ ఒక్కడే. ఏ రూలు? ఇటు పాయింట్లిస్తే ఇరాన్ కూర్చుంది. అటు మారిస్తే మనవాళ్లు కూర్చున్నారు. కోట్లాడి కోట్లాడి అందరూ మ్యాట్ మీద చతికిలబడ్డారు. గంటసేపు! నేను టీవీ ముందు టీ పెట్టించుకుని తాగాను, గ్లాసు నేనే కడిగాను, అయినా తేలలేదు. చివరికి మనం 33-29తో గెలిచాం. కొద్దిరోజుల్లోనే కబడ్డీ లీగ్ వేలంలో పవన్‌ను మన తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షలు దాటించి కొనుక్కుంది. ఆ సీజన్‌లో టైటాన్స్ అట్టడుగున తేలింది. అది మరో కడుపుమంట, దానికి ఏ రిఫరీనీ అనలేం. ఏమిటి చెబుతున్నాను? ఆ, గంట. వాళ్లకు గంట ఇచ్చారు. నాకు "పో, పో" అని చెయ్యి ఊపాడు.

వీడియో ఉంది. మా బావమరిది ఫోన్లో తీశాడు. సరిగ్గా ఆ క్షణానికి ఫోనుకు అడ్డంగా ఒకాయన లేచి నిలబడ్డాడు. రెండు పాదాలు నేలమీద, చేతులు ఒంటికి ఆనించి, ఇసుమంత కదలిక లేదు. స్క్రీన్ అంటే అదీ.

1891లో నైస్మిత్ బాస్కెట్‌బాల్‌కు 13 రూళ్లు రాసినప్పుడు భుజంతో గుద్దొద్దు, పట్టుకోవద్దు, తోయొద్దు అన్నాడు. నిలబడేవాడి గురించి ఆయనకు బెంగ లేదు. ఉంటే బాగుండేది.

ఎందుకంటే ఒకప్పుడు బంతి అందగానే అందరికంటే ముందు ఉరికేది నేనే. మోకాలు మొరాయించాక దూరం నుంచి వేసేవాణ్ణి. తర్వాత చూపు తగ్గింది, బుట్ట రెండుగా కనబడసాగింది. ఇప్పుడు ఈ పోరగాళ్లు ఆదివారం పొద్దున "అన్నా, రా" అనేది అడ్డం నిలబడతానని. బంతి ముట్టకుండా ఆటలో మిగలడానికి నాకున్నది ఆ ఒక్క పనే. ఫౌల్ పడ్డాక డ్రెస్సింగ్ రూంలో ఎవరూ ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది.

డిసెంబర్‌లో తిరుగు మ్యాచ్, ఆదిలాబాద్‌లో. పోరగాళ్లు నన్నింకా రమ్మనలేదు. జగిత్యాల మీదుగా పొద్దున బస్సు ఎన్నింటికో మాత్రం కనుక్కుని పెట్టుకున్నాను. ఒకటే దిగులు. అక్కడి చలికి ఎంతటివాడైనా గజగజ వణకాల్సిందే, ఆ వణుకును ఈ రిఫరీలు ఏ లెక్కలో రాస్తారో!