ఉంటే పడుంటుందండీ!

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొత్త కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునే పెద్దమనుషుల జాబితాలు చూడాలి. ప్రాసెసర్ తాజాది, ర్యామ్ దండిగా, ఎస్ఎస్‌డీ మెరుపులాంటిది. చిట్టచివర, దక్షిణ తాంబూలంలా, ఒక డీవీడీ రైటర్! "ఇప్పుడిదెందుకు సార్?" అని కౌంటర్ దగ్గర కుర్రాడు అడిగాడో, పెద్దాయన మొహం గంభీరమైపోతుంది. "నీకు తెలీదులేవయ్యా. ఉంటే పడుంటుంది."

దీనికి జవాబు లేదు. విరిగిన ఉయ్యాల బల్లను ముప్పై ఏళ్లుగా అటక మీద కాపాడుతున్నది ఈ వాదమే.

డీవీడీ 1996లో జపాన్‌లో అమ్మకానికొచ్చింది. మామూలు డిస్కులో పట్టేది 4.7 జీబీ. 16ఎక్స్ అని డబ్బా మీద గర్వంగా అచ్చేసే డ్రైవు సెకనుకు ఇరవై రెండు ఎంబీలు చదివితే, అదే దాని శిఖరం. పక్కనే బిగించిన సాదాసీదా సాటా ఎస్ఎస్‌డీ అయిదు వందలు దాటేస్తుంది. పోనీ, విండోస్ ఎక్కించడానికైనా పనికొస్తుందా? విండోస్ 11 మామూలు డీవీడీలో పట్టదు, 8 జీబీ డిస్కు తెచ్చుకోమని మైక్రోసాఫ్టే చెబుతోంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి డీవీడీ సినిమా ఆడించే సదుపాయాన్ని కూడా మామూలుగా ఇవ్వడం మానేశారు. ఇక ఈ రోజుల్లో చాలా క్యాబినెట్లకు ముందు వైపు గాజు పలక, ఫ్యాన్లు, రంగురంగుల లైట్లు తప్ప డ్రైవు దూరే సందే ఉండదు. అయినా మన పెద్దాయన అంగడంతా గాలించి, సందున్న పాత మోడల్ క్యాబినెట్‌నే వెతికి పట్టుకుంటాడు. వెయ్యి పైచిలుకు పెట్టి కొన్న డ్రైవు కోసం క్యాబినెట్టే మారిపోతుంది!

ఇంత పట్టుదల ఎందుకయ్యా అంటే, అసలు సంగతి అప్పుడు బయటికొస్తుంది. "మా అమ్మాయి పెళ్ళి సీడీలున్నాయండీ."

ఉన్నాయి, నిజమే. బీరువాలో, పట్టుచీరల కింద, కలరా ఉండల పక్కన ఉన్నాయి. కవరు మీద వధూవరుల పేర్లు, చుట్టూ గులాబీలు. వాటిని ఎవరూ చూడరు. కానీ చూడాలనిపిస్తే చూసే హక్కు ఉండాలట, అందుకని డ్రైవు!

ఆ హక్కు ఏ గతిలో ఉందో చూద్దాం. ఇంట్లో రాసుకునే డిస్కులో సమాచారం ఉండేది ఒక పల్చటి రంగు పూతలో. ఎండ, వేడి, తేమ మూడూ దానికి శత్రువులే. రెంటచింతల ఎండల్లో రేకుల షెడ్డు కింద ఇరవై ఏళ్లు గడిపిన డిస్కుని తలచుకుంటే జాలేస్తుంది. పైగా సీడీలో సమాచారపు పొర ఉండేది మనమనుకున్నట్టు మెరిసే అడుగు వైపు కాదు. పేరు రాసే పై వైపున, పల్చటి వార్నిష్ కింద. మనం చేసేదేమిటి? అడుగు భాగాన్ని లుంగీ అంచుతో గుండ్రంగా తిప్పి తిప్పి భక్తిగా తుడుస్తాం (తుడవాలంటే మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి). పై భాగం మీదేమో బాల్‌పెన్నుతో "చి.ల.సౌ." అని నొక్కి నొక్కి రాస్తాం. తాళి కట్టే ఘట్టం సరిగ్గా ఆ పెన్ను మొన కిందే ఉండొచ్చు.

డ్రైవు మాత్రం భద్రంగా ఉంటుందా? వాడకపోతే అదీ చెడుతుంది. లోపల ట్రేని లాగే చిన్న రబ్బరు బెల్టు సాగుతుంది, కటకం మీద దుమ్ము పేరుతుంది. అమెరికా నుంచి మనవడు వచ్చి "తాతా, అమ్మ పెళ్ళి చూపించు" అన్న రోజున బటన్ నొక్కితే లోపల మూలుగు వినిపిస్తుంది, ట్రే మాత్రం రాదు. అప్పుడు ఇల్లంతా పిన్నీసు కోసం పరుగు. ముందున్న చిన్న కన్నంలో గుచ్చి లాగాలనేది మనవాళ్ళందరికీ తెలిసిన శస్త్రచికిత్స.

అలాగని "అంతా క్లౌడ్‌లో ఉంది డాడీ" అని నవ్వే కొడుకులకు చప్పట్లు కొట్టక్కర్లేదు. బాబూ, మీ అక్క పెళ్ళిని క్లౌడ్‌లోకి ఎక్కించిందెవరు? ఎవరూ ఎక్కించలేదు. డ్రైవు పెట్టించిన తండ్రీ కాపీ చేయడు, డ్రైవుని వెక్కిరించిన కొడుకూ చేయడు. ఇద్దరూ వాదించుకుంటారు. బీరువాలో డిస్కు తన పని తాను చేసుకుంటూ చెడిపోతూ ఉంటుంది.

నిజంగా డిస్కులతో పనున్నవాళ్ళూ లేకపోలేదు. ఎమ్మారై సెంటర్లు ఫిల్ములతో పాటు చేతిలో పెట్టే సీడీలున్నాయి, వకీళ్ళ దగ్గరకు డిస్కుల్లో చేరే సీసీ కెమెరా దృశ్యాలున్నాయి, పాత పాటల ఆడియో సీడీలు పోగేసిన రసికులున్నారు. వీళ్ళకైనా కావలసింది యూఎస్‌బీకి తగిలించుకునే బయటి డ్రైవు ఒకటి. 2008లోనే యాపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్‌ని డ్రైవు లేకుండా తెచ్చి, కావలసినవాళ్ళు విడిగా కొనుక్కోండని చెప్పింది. అప్పట్లో అందరూ తిట్టారు. తర్వాత అందరూ అదే చేశారు.

డీవీడీ తర్వాతి తరమైన బ్లూ-రేలో రాసుకునే డిస్కుల తయారీకి సోనీ 2025 ఫిబ్రవరిలో స్వస్తి చెప్పింది. కాబట్టి అయ్యా, కొత్త క్యాబినెట్‌కి కన్నం వెతకడం మానేయండి. బయటి డ్రైవు ఒకటి కొనండి, లేదా అపార్ట్‌మెంట్‌లో ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. డీవీడీ అయితే అందులో వీడియో టీఎస్ అనే ఫోల్డర్ ఉంటుంది, పాత వీసీడీ అయితే ఎంపెగ్ ఏవీ అని ఉంటుంది. అలాగే మొత్తం కాపీ చేసేయండి, వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆడుతుంది. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి అమ్మాయి దగ్గర ఉంచండి. పనయ్యాక ఆ డ్రైవుని అటకెక్కించకుండా ఎదురింటివాళ్ళకివ్వండి, వాళ్ళ బీరువాలోనూ ఒక పెళ్ళి ఉంది.