స్టేషన్‌కో రోగం

“హలో... ఏందిరా, నోట్ల ఏమన్న పెట్టుకున్నవా?” అంది నల్లగొండ నుంచి మా అక్క. నోట్లో ఏమీ లేదు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ముందు నిలబడి బస్సు హారన్‌తో పోటీపడి అరుస్తున్నాను. ఆటోవాళ్లకు, జామకాయల బండివాడికి, మెట్రో మెట్లు దిగే జనానికి మా ఇంటి ఆస్తి పంపకాల సంగతంతా స్పష్టంగా వినపడింది. మా అక్కకు మాత్రం ఒక్క ముక్క అందలేదు.

మైకు పోయిందన్నమాట. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లెన్నో ఫోన్లు బాగుచేసే కొట్లూ అన్ని. స్టేషన్ కిందే ఉన్న అలవాటైన కొట్టుకు వెళ్లాను. కొట్లోని తమ్ముడు ఫోన్ చేతికి తీసుకున్నాడు. కవరు తీయలేదు, ఆన్ చేయలేదు. కింది అంచు ఓసారి చూసి, “ఛార్జింగ్ బోర్డు పోయింది అన్నా, ఆరువందల యాభై” అన్నాడు.

“ఛార్జింగ్ బాగానే ఎక్కుతుంది కదా?”

“ఎక్కుతది. మైక్ గూడ దాని మీదనే ఉంటది.”

ఇది అబద్ధం కాదు. చాలా ఫోన్లలో ఛార్జింగ్ పిన్నూ మాట్లాడే మైకూ అడుగున ఒకే చిన్న బోర్డు మీద కాపురముంటాయి. పిసరంత నిజం కలపనిదే బిల్లు పొంగదు.

ఎందుకైనా మంచిదని ఒక స్టేషన్ ముందుకెళ్లి చైతన్యపురిలో చూపించాను. ఈయన కొంచెం పెద్ద వైద్యుడు. కవరు ఊడదీసి, కంటికి లెన్సు పెట్టుకుని చూసి, మళ్లీ కవరు తొడిగి, “ఐసీ ప్రాబ్లం సార్. రెండువేల రెండొందలు. డేటాకు గ్యారంటీ లేదు” అన్నాడు. విక్టోరియా మెమోరియల్ దగ్గర దిగే ధైర్యం లేక నేరుగా ఎల్బీనగర్ పోయాను. అక్కడి కుర్రాడు నా మొహం చూసి జాలిపడ్డాడు. “మెయిన్ బోర్డే పోయింది అంకుల్. ఎక్స్‌ఛేంజ్‌ల వెట్టుండ్రి, నాలుగువేలిప్పిస్త.”

ఒకే లైన్లో మూడు స్టేషన్ల దూరం. ఆరువందల యాభైతో పోయే రోగం ప్రాణాంతకమైంది. అన్నగా రైలెక్కినవాణ్ని సార్ అయి, అంకుల్‌గా దిగాను.

ఇంతకూ ఈ ముగ్గురిలో ఒక్కడూ ఆ మైకులో మాట్లాడి చూడలేదు. నాలుక చాపమనకుండానే మందు రాసే డాక్టరును నేనింతవరకు చూడలేదు. “మీ మాట ఎవరికి వినపడటం లేదు? అందరికీనా, ఒకరికేనా? వాట్సాప్‌లోనా, మామూలు కాల్‌లోనా?” అన్న ప్రశ్న కూడా ఒక్కరి నోటా రాలేదు. గ్రూప్స్ కోచింగ్ ఊరు కదా, ప్రశ్న బహుళైచ్ఛికంగా తయారై ఉంది. మైకు పనిచేయుట లేదు, కారణం: (ఎ) ఛార్జింగ్ బోర్డు (బి) ఐసీ (సి) మెయిన్ బోర్డు (డి) కొత్త ఫోన్. ‘పైవేవీ కావు’ అచ్చులో ఎగిరిపోయింది.

మనం మాత్రం తక్కువ తిన్నామా? కొత్తపేటలో కిలో టమాటాకు రెండు రూపాయలు తగ్గించేదాకా కదలం. ఈ కొట్లోనూ బేరమాడతాం. ఎంతసేపూ ధర మీదే, రోగం మీద కాదు. ఆరువందల యాభైని ఐదొందలు చేయించుకుని, పోని బోర్డును చవగ్గా మార్పించుకున్నామని ఇంటికొచ్చి చెప్పుకుంటాం.

ఇంటి వైద్యం ఇంకో తీరు. ఫోన్‌ను అరచేత్తో నాలుగు తట్టు. ఈ తట్టుడు మన తాతల ఆస్తి. పాత నల్ల టెలిఫోన్ మైకులో కార్బన్ రవ్వలుండేవి. అవి గడ్డకడితే మాట మందగించేది, తడితే విడిపోయేవి. రవ్వలు పోయాయి, తట్టుడు మిగిలింది. ఇప్పటి మైకు మెంతిగింజంత సిలికాన్ ముక్క. దాని లోపలి పొర మందం ఒక మైక్రాన్ అటూఇటూ, అంటే తలవెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలచన. తడితే అది చలించదు. కానీ సిమ్ తీసే పిన్నుతో పొడిస్తే చిరుగుతుంది. మైకు చిల్లూ సిమ్ చిల్లూ చూపుకు కవల పిల్లల్లా ఉంటాయి. “దుమ్ము పట్టిందేమో” అని ఇంటిల్లిపాదీ తలో పోటూ పొడిచాక, అప్పుడు నిజంగానే పోతుంది. పుల్లలు పెట్టడం కాపురాలకే కాదు, మైకులకూ మంచిది కాదు.

ఐసీ, అంటే చిప్, పోవడం అన్నది పూర్తిగా కట్టుకథేమీ కాదు. ఐఫోన్ 7, 7 ప్లస్‌లలో కొన్నింటికి కాల్‌లో మైకు పనిచేయడం లేదని 2018లో యాపిలే ఒప్పుకుంది. ఆడియో చిప్ గొడవ మీద అమెరికాలో దావా నడిచి, తప్పు ఒప్పుకోకుండానే మూడున్నర కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ జబ్బుకు గుర్తులున్నాయి: స్పీకర్ బటన్ వెలిసిపోతుంది, వాయిస్ రికార్డింగూ పడదు. గుర్తులు వెతికి జబ్బు పేరు చెప్తే దండం పెడతాను. ఇక్కడ జబ్బు పేరు ముందొస్తుంది, గుర్తులు బిల్లులో కనపడతాయి.

ఆ సాయంత్రం పదో తరగతి చదివే మా అమ్మాయి ఫోన్ లాక్కుంది. ముందు బ్లూటూత్ ఆపింది. బ్యాగులో మూత సరిగ్గా పడని ఇయర్‌బడ్స్ మన మాటల్ని మింగేస్తాయట. తర్వాత మైకు అనుమతి చూసింది. ఆండ్రాయిడ్ 12 వచ్చిన 2021 నుంచి అన్ని యాప్‌లకూ కలిపి మైకును ఒక్క నొక్కుతో మూసేసే బటన్ ఉంది. చేయి తగిలితే మూగనోమే. అదీ సరిగ్గానే ఉంది. వీడియో తీసింది, గొంతు వినపడింది. అది వెనక కెమెరా పక్క మైకు పుణ్యమట. వాయిస్ రికార్డర్‌లో నాతో “ఒకటి రెండు మూడు” అనిపించింది. బావిలోంచి పలికినట్టు వచ్చింది. అప్పుడు కవరు ఊడదీసి మళ్లీ అనిపించింది. ఆకాశవాణిలో వార్తలు చదివినట్టు వచ్చింది.

కవరు అడుగున చిల్లు మైకు చిల్లుకు గోరంత పక్కనుంది. ఖర్చు సున్నా, సమయం ఐదు నిమిషాలు. అక్కకు ఫోన్ చేశాను. ఆస్తి సంగతి ఈసారి స్పష్టంగా వినపడింది, గంటసేపు తిట్టింది.

బోర్డు మార్చాలనే కొట్లో ముందు మీ గొంతు రికార్డు చేసి వినిపించమనండి. మార్చాక పాత ముక్క చేతికిమ్మనండి. ఇవ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, మైకు పనిచేస్తుంటే.

ఆ కవరు వారం కిందట నూటయాభైకి కొన్నది. మోడల్ వేరేదే అయినా “సెట్టయితది అన్నా” అంటూ తొడిగింది స్టేషన్ కింద కొట్లో తమ్ముడే.