కుండ చేసినవాడికి రేకుల మీద హక్కు

ఇంకో తెలుగు ఫాంటు "ఓపెన్"గా విడుదలైందట. జ్యోతి వెలిగింది, శాలువాలు కప్పారు, ఫొటోలు దిగారు. జిప్ విప్పితే ఒక టీటీఎఫ్ ఫాంటు ఫైలు, పక్కన ఒక లైసెన్సు. అక్షరాల గీతల ఫైళ్లేవి? వత్తులు ఎక్కడ కూర్చోవాలో చెప్పే నియమాలేవి? ఇదంతా కలిపి ఫాంటు తయారుచేసిన స్క్రిప్టేది? అడక్కూడదు. అడిగితే తెలుగు ద్రోహులం.

పనిముట్టు చేసినవాడికి దానితో తయారైనదాని మీద హక్కుంటుందా? వాడపల్లి వెంకన్న గుడికి దగ్గర్లోనే ఆత్రేయపురం. 2023లో అక్కడి పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేపు కుమ్మరి వచ్చి "రేకు వేసే ఈ బోర్లించిన కుండ నాది, దాని మట్టి రేకుకు అంటింది, కాబట్టి నా షరతుల మీదే అమ్మాలి" అంటే?

నవ్వకండి. బైసన్‌తో అచ్చం ఇదే జరిగింది. బైసన్ ఒక పనిముట్టు. భాష వ్యాకరణం మనమిస్తే, దాన్ని చదివి విడగొట్టే ప్రోగ్రాము, అంటే పార్సరు, అది రాసిపెడుతుంది. రాస్తూ రాస్తూ తన సొంత కోడు కొంత అందులో అతికిస్తుంది. ఆ అతుకు పుణ్యమా అని, 1.24 వెర్షనుకు ముందు ఆ పార్సర్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లో తప్ప వాడనిచ్చేవారు కాదు. తర్వాత సీ భాషలో ఒక రకం పార్సర్లకు మినహాయింపు ఇచ్చారు. మిగతావాటికి 2006లో, 2.2 వెర్షనుతో. పంచదార రేకులకు మాఫీ, బెల్లం రేకుల సంగతి తర్వాత చూద్దాం అన్నమాట! ఆటోకాన్ఫ్ అనే ఇంకో పనిముట్టు పుట్టించే కాన్ఫిగర్ స్క్రిప్టుకీ ఇలాంటి మాఫీ పత్రమే ఉంది.

ఆ కుమ్మరి నయం, పత్రమైనా రాసిచ్చాడు. మనవాళ్ల తెలుగు కీబోర్డు కోడు తెరిస్తే నెత్తిన "ఇది యంత్రం తయారుచేసింది, చేత్తో మార్చకండి" అని ఉంటుంది. దాని కిందే "సర్వహక్కులూ మావి". మార్చకూడదా, సరే. మార్చాల్సిన ఫైలేదో అదివ్వండి మరి!

ఆ కొత్త ఫాంటులో "లక్ష్మి" అని కొడితే మ-వత్తు కింది వరసలోకి దూరిపోతోంది. సరిచేసిస్తాను, సోర్సు పంపండని ఫాంటువాళ్లకి రాశాను. "లైసెన్సు ప్రకారం ఇవ్వనక్కర్లేదు" అని జవాబు. నిజమే, ఆ ఫాంటుకున్న ఓఎఫ్ఎల్ (ఓపెన్ ఫాంట్ లైసెన్సు) బలవంతపెట్టదు. జీపీఎల్ లైసెన్సయితే మార్పులకు అనువైన రూపమే ఇవ్వమంటుంది. చట్టం అడగలేదు గనక ఇవ్వననే మనిషికి "ఓపెన్" బోర్డు ఎందుకు? సిగ్గుండాలి. లోహిత్ తెలుగు ఫాంటూ 2011 నుంచి ఓఎఫ్ఎల్ కిందే ఉంది. దాని గీతల ఫైళ్లు ఎవరైనా తెచ్చుకోవచ్చు. ఇచ్చినవాళ్ల ఆస్తులేం కరిగిపోలేదు.

తయారైన ఫైలుంటే చాలదా అనేవాళ్లకి ఎక్స్‌జడ్ అనే ఫైళ్లు కుదించే సాఫ్ట్‌వేరు సంగతి గుర్తులేదు కాబోలు. 2024 మార్చిలో దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. ఆ దారి తెరిచే బిల్డు ఫైలు అందరూ చూసే గిట్‌లో లేదు, విడుదల చేసిన కట్టలో ఉంది.

వాడపల్లి వెంకన్నకైతే ఏడు శనివారాలు తిరిగితే కోరిక తీరుతుందంటారు. సోర్సు ఫైళ్లకి ఎన్ని శనివారాలో చెబితే వచ్చే వారం నుంచే తిరుగుతాను.