చింతపండుకు ఒక బహిరంగ లేఖ

ఓ చింతపండూ,

పులుసులో నీకు సాటి లేదు. రాగి చెంబుకు నిన్నూ కాస్త ఉప్పునూ పట్టించి రుద్దితే తళతళలాడుతుంది, దానితోనూ నాకు పేచీ లేదు. పేచీ అంతా నాణేల దగ్గరే. అటక మీది డబ్బాలోంచి తాతగారి కాణీలు బయటపడితే చాలు, ఇంట్లోవాళ్ళు ముందు వెతికేది నిన్నే. "మరీ నల్లగా ఉన్నాయి, తోమి చూపిద్దాం" అనుకుంటారు. తోమేశాక నా దగ్గరికి తెచ్చి ఎంత వస్తుందని అడుగుతారు.

ఆ నలుపు మురికి కాదయ్యా. రాగి, గాలీ కలిసి ఏళ్ళ తరబడి కట్టుకున్న పలచటి పొర. ఒకప్పుడు అదీ నాణెం లోహమే. నీలోని టార్టారిక్ ఆమ్లం దాన్ని కరిగించేస్తే, దాని మీదున్న సన్నటి పనితనం కూడా పోతుంది. మిగిలేది వేడినీళ్ళు పడి కందిన చర్మంలాంటి గులాబీ రంగు.

మొన్న ఒకాయన తెచ్చినది 1797 నాటిది. ఉత్తర సర్కారుల కోసమని ఈస్టిండియా కంపెనీ బర్మింగ్‌హామ్ దగ్గర మాథ్యూ బోల్టన్ సోహో టంకశాలలో ఆవిరి యంత్రాలతో కొట్టించిన రాగి నాణెం. రూపాయికి 48 అని దాని మీదే ఇంగ్లిషులో ఉంటుంది. భూతద్దం కింద పెట్టి వెలుతురుకు అటూ ఇటూ తిప్పాను. ఖాళీ జాగా అంతా ఒకే దిక్కుకు పోయే సన్నగీతలు. అక్షరం అంచు దగ్గర ఆగి, అవతల మళ్ళీ మొదలయ్యాయి. అచ్చును నునుపు చేసినప్పటి గీతలైతే నాణెం మీద ఉబ్బుగా ఉండాలి, ఇవి లోపలికి దిగాయి.

గీతలు కనబడకపోయినా రంగే చెప్పేస్తుంది. టంకశాల ఎరుపు వేళ్ళు తగిలే ఎత్తుల మీద ముందుగా పోతుంది, అక్షరాల సందుల్లో చివరిదాకా నిలుస్తుంది. ఇక్కడ అంతా తలకిందులు. అరిగిపోయిన ఎత్తులు మెరుస్తున్నాయి, సందుల్లో నల్లటి మట్టి అలాగే ఉంది. అరిగిన నాణెం కొత్తదానిలా ఎర్రగా ఉందంటే ఎవరో తోమారన్నమాటే.

నాణెం ఎంత బాగుందో అంకె వేసి చెప్పే గ్రేడింగంటావా, విలియం షెల్డన్ 1949లో అమెరికా పెద్ద సెంట్ల కోసం ప్రకటించిన 1 నుంచి 70 దాకా ఉన్న కొలమానమే ఇప్పుడు ఎక్కువగా నడుస్తోంది. వాడకంలో అరగని రాగికి పక్కనే రెడ్, రెడ్-బ్రౌన్, బ్రౌన్ అని రంగు కూడా రాస్తారు. నీ చేతిలో పడ్డదానికి మాత్రం అంకె దక్కదు. 'డీటెయిల్స్' అని రాసి, తోమారని కారణం చెబుతారు. ధర అక్కడే కూలుతుంది.

నీ పని కప్పిపుచ్చడానికి వ్యాజిలైన్‌లో గంధకం కలిపి పూసి నల్లబరిచే ఘనులూ ఉన్నారు. ఆ నలుపు ఎక్కువగా ఎత్తూ పల్లమూ లేకుండా ఒకే తీరుగా పరుచుకుని ఉంటుంది. పాతపొరలోని గోధుమ ఛాయలు దానికి రావు.

జిడ్డు ఉంటే అసిటోన్‌లో ముంచి తీస్తాను, రుద్దను. పచ్చటి పొడి రాలుతుంటే మాత్రం అది వేరే జబ్బు, లోపల క్లోరైడ్ చేరింది. అలాంటిదాన్ని విడిగా పొడి డబ్బాలో పెట్టి, తెలిసినవాళ్ళకి చూపించడం నా పని. నువ్వు అటు రాకు.

ఇట్లు,
ఒక రాగి నాణేల పిచ్చోడు